శరణార్థి శిబిరాలలో పురుళ్లు

మీటరు పొడవు, మీటరు వెడల్పు గల ప్లాస్టిక్ గుడ్డ, ఒక సబ్బుబిళ్ల, ఒక కొత్త బ్లేడు, రెండు దారపు ముక్కలు. ఇల్లువాకిళ్లు విడిచి వచ్చిన గర్భిణులకు ఈ వస్తువులను చిన్న మూటగా కట్టి ఇచ్చుట నేడు అంతర్జాతీయ సహాయ సంస్థల ఆచారము. మంత్రసాని కూడ దొరకని చోట చేతులు కడుగుకొనుటకు సబ్బు, క్రింద పరచుటకు గుడ్డ, బొడ్డుతాడును రెండు చోట్ల బిగించుటకు దారము, నడుమ కోయుటకు బ్లేడు. చూచుటకు ఇంత స్వల్పమైన మూట శరణార్థుల వైద్యచరిత్రలో ఎంత ఆలస్యముగా ప్రవేశించినదో తెలిసికొన్నప్పుడు మాకు ఆశ్చర్యము కలిగినది. ఆ కథనే ఇక్కడ చెప్పదలచినాము.

1951 జూలై 28న జెనీవాలో ఆమోదము పొందిన శరణార్థుల ఒడంబడిక ఉద్యోగము, విద్య, నివాసము, న్యాయస్థానము మొదలైన అనేక విషయాలలో శరణార్థుల హక్కులను నిర్ణయించినది. ప్రసూతి అన్న మాట అందులోని 24వ అధికరణమున, సాంఘిక భద్రతా చట్టాల ప్రసక్తిలో కనిపించును. రచయితలను తప్పుపట్టుటకు ఈ మాట అనుట లేదు. 1951 జనవరి 1కి పూర్వపు సంఘటనల వలన నిరాశ్రయులైనవారు, అందునా ముఖ్యముగా ఐరోపావారు, వారి దృష్టిలో ఉన్నారు. లక్షలాది జనము ఒక్క వారములో వచ్చి బయలున గుడారాలు వేసికొనే దృశ్యము వారు ఊహించినది కాదు.

అట్టి దృశ్యమును 1971లో మన దేశపు తూర్పు సరిహద్దు చూచినది. తూర్పు బెంగాలు నుండి సుమారు కోటిమంది వచ్చినారు. బన్‌గావ్‌లో కలరా ప్రబలినప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి ఎందరి ప్రాణాలనో నిలిపిన సంగతి ప్రసిద్ధమే. క్రమముగా శిబిర వైద్యమునకు ఒక వరుస ఏర్పడినది: నీరు, తిండి, తట్టుకు టీకా, విరేచనాలకు మందు. ఈ వరుస అకారణమైనది కాదు. 1994 జూలైలో రువాండా నుండి లక్షలాదిమంది కొద్ది రోజులలోనే జైరు దేశములోని గోమాకు చేరినప్పుడు, మొదటి నెలలోనే సుమారు 50,000 మంది మరణించినారు. కలరా, రక్తవిరేచనాలే అందుకు ప్రధాన కారణము. అట్టి చోట కాన్పుల సంగతి తరువాత చూచుకొందమని ఒక వైద్యుడు అనుకొన్నచో అతనిని నిందింపలేము.

అయితే లెక్క వేసి చూడుడు. శిబిరములో పదివేలమంది ఉన్నారనుకొందము. జననాలు నూటికి నాలుగు చొప్పున సంవత్సరమునకు 400 కాన్పులు, మూడు నెలలకు 100. అనగా శిబిరము వెలసిన నాటినుండి రోజుకొక పురుడు. ఆ నూరుమందిలో 15 మందికి ప్రాణాపాయకరమైన చిక్కులు రావచ్చును. అయిదుగురికైనను శస్త్రచికిత్స అవసరము కావచ్చును. ఈ అంకెలు మేము కల్పించినవి కావు. సహాయ సంస్థలు మందులు పంపునప్పుడు వేసికొనే అంచనాలే ఇవి. బావులు త్రవ్వువరకు, టీకాలు ముగియువరకు ఏ తల్లియు నొప్పులను వాయిదా వేసికొనలేదు కదా!

పెద్ద సంస్థలు మేలుకొనకముందే ఈ లెక్కను కంటితో చూచిన వైద్యురాలు సింథియా మౌంగ్. కరెన్ జాతికి చెందిన ఈమె 1988లో బర్మా సైన్యము అధికారమును చేజిక్కించుకొన్న పిమ్మట సరిహద్దు దాటి, 1989లో థాయిలాండులోని మేసోట్‌లో చిన్న వైద్యశాల ప్రారంభించినారు. మొదట పరికరాలను శుద్ధి చేయుటకు అన్నము వండే కుక్కరే ఆధారము. మలేరియా రోగులతోను, గాయపడినవారితోను మొదలైన ఆ చోటికి నిండు గర్భిణులు వచ్చినారు, రహస్యముగా గర్భము పోగొట్టుకొనబోయి ప్రాణము మీదికి తెచ్చుకొన్న స్త్రీలును వచ్చినారు. ఆమె శరణార్థులలోనివారికే శిక్షణనిచ్చి వారిచేతనే పని చేయించినారు. 2002లో ఆమెకు మెగసెసే బహుమానము లభించినది.

సంస్థల కండ్లు తెరిపించిన సంవత్సరము 1994. శరణార్థి స్త్రీల, బాలల కొరకు పనిచేసే ఒక అమెరికా సంఘము పక్షాన డైర్డ్రె వుల్ఫ్ అనే పరిశోధకురాలు వివిధ దేశాల శిబిరాల స్థితిని వివరిస్తూ నివేదిక వెలువరించినారు. గర్భిణులకు ఏదో కొంత పరీక్ష జరిగినను, గర్భనిరోధ సాధనాలు, సుఖవ్యాధుల చికిత్స, అత్యాచారమునకు గురియైనవారి సంరక్షణ మిక్కిలి కొరతగా ఉన్నవని అందలి సారాంశము. ఆ సెప్టెంబరులోనే కైరోలో 179 దేశాల ప్రతినిధులు కూడిన జనాభా మహాసభ నిర్వాసితుల అవసరాలను కూడ గుర్తించినది. 1995లో జెనీవాలో సంస్థలన్నియు సమావేశమై, 1996లో ఒక కరదీపికను ప్రయోగాత్మకముగా తయారుచేసి, 1999లో సవరించి ప్రకటించినవి.

ఆ గ్రంథము చెప్పిన కనీస సేవలలో మాకు మిక్కిలి నచ్చినది ఒకటి ఉన్నది. ఈ పనికి ఫలానావారు బాధ్యులని మొదటనే నిర్ణయింపవలెను. అందరి పని ఎవరి పనియు కాకుండ పోవుట మనము ఎరుగనిది కాదు. జనాభా లెక్కలు, సర్వేలు పూర్తియగువరకు ఆగనక్కరలేదనియు అది స్పష్టముగా చెప్పినది. పైన చెప్పిన మూట కూడ ఈ ఏర్పాటులో భాగమే. కాని అది రక్తస్రావమును ఆపలేదు, అడ్డము తిరిగిన బిడ్డను బయటికి తీయలేదు. అందుకే మంత్రసానికి వేరుగా, ఆసుపత్రికి వేరుగా మందులు, పరికరాలు గల పెట్టెలు ఏర్పడినవి. రేయింబవళ్లు ఎప్పుడైనను తల్లిని ఆసుపత్రికి చేర్చే వాహనము సిద్ధముగా ఉండవలెనన్న నియమము వచ్చినది.

వివాదము రాలేదని కాదు. 1999లో కొసావో శరణార్థులకు పంపిన సామగ్రిలో, అత్యాచారము జరిగిన పిదప గర్భము రాకుండ వాడే మాత్రలు ఉండుటను వాటికన్ ఆక్షేపించినది. ఆ మాత్రలు 120 గంటలలోపల, ఎయిడ్సు క్రిమి నుండి కాపాడే మందులు 72 గంటలలోపల మొదలుపెట్టవలెను. వాదము తీరువరకు గడియారము నిలువదు. ఆ స్త్రీకి మందును అందుబాటులో ఉంచి, తీసికొనుట మానుట ఆమెకే విడుచుట న్యాయమని మా అభిప్రాయము.

2017 ఆగస్టు నుండి కొద్ది నెలలలో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశములోని కాక్స్‌బజారు ప్రాంతమునకు వచ్చినారు. ఈసారి శిక్షణ పొందిన బంగ్లాదేశ మంత్రసానులు తొలినాళ్లలోనే శిబిరాలలో ఉన్నారు. అయినను చీకటిలో గుట్టల బాట దిగి వైద్యశాలకు పోవుటకు జంకి, గుడిసెలలోనే ప్రసవించిన తల్లులు ఎందరో. అందువలన శరణార్థులలోనుండియే ఎన్నుకొన్న సేవికలు గుడిసె గుడిసెకు పోయి, ఎవరికి ఎన్నవ నెలయో అడిగి తెలిసికొని, ఆ చిన్న మూటను ముందుగా చేతికిచ్చి, నొప్పులు రాగానే కబురు చేయుడని చెప్పి వచ్చుచుండిరి.