జానపదుల ఆటపాటలు

కోలాటపు గుంపు కంటబడినచో నిలిచిపోవుట, గొబ్బిపాట వినవచ్చిన దెసకు చెవియొగ్గుట మాకు చిరకాలముగా నున్న మక్కువ. ఇది పామరుల వినోదమనియు, చదువుకొన్నవారి యభిరుచికి తగదనియు మిత్రులు కొందరు మమ్ము మందలించుచుందురు. వారి మాట ఎంతవరకు సరియో చరిత్రనే యడిగి చూతము.

కాకతీయుల కాలపు పండితులకు ఈ చిన్నచూపు లేదు. పాలకురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైలమునందలి శివరాత్రి యుత్సవమును వర్ణించుచు, భక్తులు పాడిన తుమ్మెద పదములను, ప్రభాత పదములను, నివాళి పదములను, వాలేశు పదములను, గొబ్బి పదములను, వెన్నెల పదములను పేర్కొనెను. గణపతిదేవుని గజసైన్యమునకు నాయకుడైన జాయప సేనాని 1254 ప్రాంతమున సంస్కృతమున నృత్తరత్నావళిని రచించెను. అందలి యెనిమిది యధ్యాయములలో మొదటి నాలుగు శాస్త్రసిద్ధమైన మార్గ పద్ధతికిని, తక్కిన నాలుగు ఆయా దేశముల జనులు ఆడుకొను దేశి పద్ధతికిని చెందినవి. సగము గ్రంథమును దేశికిచ్చుట గమనింపదగినది. పేరణి, ప్రేంఖణము, చిందు మున్నగు వానితోపాటు కఱ్ఱలు చేతబట్టి బృందముగా నాడు దండరాసకమును గూడ నాతడు వివరించెను. నేటి కోలాటమునకు అది పెద్దతోబుట్టువని మా భావము.

అయినను గౌరవించుట వేఱు, భద్రపఱచుట వేఱు. సోమనాథుడు ఆ పట్టున పదముల పేర్లు చెప్పెనేగాని పాటలను వ్రాసియుంచలేదు. గొబ్బి పాట నేటికిని నిలిచియున్నదన్నచో, ధనుర్మాసమున ముంగిట గొబ్బెమ్మల చుట్టును తిరుగుచు తల్లులు కూతుండ్రకు నేర్పుటచేతనే. పేరణి కథ ఇందుకు భిన్నము. ఆడువారి పరంపర తెగిపోయెను; జాయప గ్రంథము మిగిలెను. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి శిల్పములలో నర్తకుల భంగిమలు మిగిలెను. వీనిని పరిశీలించి నటరాజ రామకృష్ణగారు పేరిణిని పునరుద్ధరించి, 1985 మహాశివరాత్రినాడు ఆ గుడియెదుటనే ప్రదర్శింపజేసిరి. అది మహాప్రయత్నమే. కాని గురువు పాదము చూచి శిష్యుడు పాదము కదుపు భాగ్యము ఒకసారి పోయిన పిదప, శిలనుండియు శ్లోకమునుండియు ఊహించుకొనవలసిన గతి పట్టినది.

పాటల విషయమున మనకు ఇంకను సమయమున్నది. బిరుదురాజు రామరాజుగారు ఊరూర సేకరించి పరిశోధించిన తెలుగు జానపద గేయసాహిత్యము 1958లో అచ్చయ్యెను. విశ్వవిద్యాలయములు చేయదగిన పని అది. గృహస్థులు చేయదగినది మఱియొకటి కలదు. మన బాలికకు వీణ నేర్పుటకు గురువును వెదకి సంభావన యిచ్చుచున్నాము. వరినాట్లలో పాడు శ్రామికురాలి కంఠమున నున్న పాటను మాత్రము వెలలేనిదనక విలువలేనిదనుచున్నాము. ఈ భేదము కళలో లేదు, కులములోను కూలిలోను ఉన్నది. సంస్కరింపవలసినది ఆమె పాటను కాదు, మన చూపును.

కావున సోదరీమణులారా! మీ యింటి ముసలమ్మను, మీ వాడలోని పాటకత్తెను పిలిచి, పీటవేసి కూర్చుండబెట్టుడు. పాటను వ్రాసికొనుడు, పాడినవారి పేరును దానిక్రింద వ్రాయుడు, మీ బిడ్డలచేత ఆమె యెదుటనే పాడింపుడు. వాలేశు పదములవలె రేపు పేరుమాత్రము మిగులుటయా, గొబ్బిపాటవలె కంఠమున నిలుచుటయా అన్నది మన ముంగిటనే తేలవలసియున్నది.