కఫే రేసర్: పాత బండి నేర్పిన వేగశాస్త్రం

దూర ప్రయాణాలకై తయారైన మోటారు సైకిలును చూచినవారికి దాని నిర్మాణంలోని ఉద్దేశం వెంటనే తెలుస్తుంది. వెడల్పయిన మెత్తని సీటు, ఎత్తుగా చేతికందే హాండిలు, గాలిని అడ్డుకొనే అద్దం, వెనుక ఇరువైపులా సామాను పెట్టెలు - ఇవన్నీ ప్రయాణికుడు అలసిపోకుండా వందల మైళ్ళు సాగిపోవటానికి ఏర్పరచినవి. అట్టి బండిలో సుఖానిదే మొదటి స్థానం, వేగం తరువాతిది.

అట్టి పాత బండినే తీసుకొని, అక్కరలేని భాగాలన్నీ ఊడదీసి, హాండిలును కిందికి దించి, సీటును కురచచేసి పందెపు బండి రూపం ఇచ్చే పద్ధతి ఒకటి ఉన్నది. ఇట్లా మారిన బండిని 'కఫే రేసర్' అంటారు. 'కఫే' అంటే కాఫీ, ఫలహారాల దుకాణం. 'రేసర్' అంటే పందెపు బండి. ఈ రెండు మాటలకు పొత్తు ఎట్లా కుదిరింది? భాగాలు తీసివేసినంత మాత్రాన బండికి వేగం ఎట్లా వస్తుంది? ఈ ప్రశ్నలకు సమాధానం కోసం 1950-60ల నాటి ఇంగ్లండుకు వెళ్ళవలసి ఉంటుంది.

రోడ్డు పక్క దుకాణం

లండను నగరంలోని నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద 1938లో ఏస్ కఫే అనే దుకాణం వెలసింది. రాత్రింబగళ్ళు లారీలు నడిపేవారికి టీ, భోజనం అందించటం దాని పని. రెండవ ప్రపంచయుద్ధంలో, 1940లో జరిగిన విమానదాడిలో అది దెబ్బతిన్నది. 1949లో దాన్ని తిరిగి కట్టారు. యుద్ధానంతరం పనులు పెరిగి, కుర్రవాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు ఆడసాగాయి. కారు కొనే స్తోమతు వారికి లేదు; పాత మోటారు సైకిలు మాత్రం అందుబాటులో ఉండేది. సాయంకాలం పని ముగియగానే ఇట్టి దుకాణాల దగ్గర చేరటం, పాటల పెట్టెలో నాణెం వేసి పాటలు వినటం, బండ్ల గురించి వాదించుకోవటం వారికి అలవాటయింది.

వాదం నోటితో ముగిసేది కాదు. ఒక దుకాణం నుంచి మరొక దుకాణానికి పందెం వేసుకొనేవారు. గంటకు 100 మైళ్ళ వేగాన్ని, అనగా సుమారు 161 కిలోమీటర్లను అందుకోవటమే వారి లక్ష్యం. నిజమైన పందెపు మైదానం ఎరుగక, కాఫీ దుకాణాల నడుమ పరుగులు తీసేవారని ఎగతాళిగా పుట్టిన పేరే 'కఫే రేసర్' అంటారు. ఎగతాళి మాట క్రమంగా గౌరవవాచకం అయింది.

గాలితో పోరాటం

ఆనాటి మామూలు బండి గంటకు 80 మైళ్ళ దాకా సులభంగానే పోయేది. మిగిలిన 20 మైళ్ళే గడ్డు సమస్య. కారణం గాలి. వేగంగా పోయే వస్తువుకు గాలి కలిగించే నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఆ నిరోధాన్ని అధిగమించటానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది. 80 నుంచి 100కు పెరగటమంటే వేగం 1.25 రెట్లు కావటం. 1.25ను మూడుమార్లు హెచ్చవేస్తే 1.95 వస్తుంది. వేగం నాలుగోవంతు పెరగాలంటే గాలిని ఎదుర్కొనే సామర్థ్యం ఇంచుమించు రెట్టింపు కావాలన్నమాట!

రెట్టింపు అశ్వశక్తి గల ఇంజను కొనటానికి డబ్బేది? కనుక వారు లెక్కను రెండవ వైపునుంచి పట్టుకున్నారు. గాలి నిరోధం వేగం మీదనే కాదు, గాలికి ఎదురయ్యే వైశాల్యం మీద కూడా ఆధారపడుతుంది. నిటారుగా కూర్చున్న మనిషి ఛాతీ తెరచాపవలె గాలిని పట్టుకుంటుంది. అతడు పెట్రోలు టాంకిమీదికి వంగి పడుకున్నట్లు కూర్చుంటే, ఆ వైశాల్యం తగ్గుతుంది. అయిదోవంతు తగ్గిందనుకుందాం. అప్పుడు గంటకు 90 మైళ్ళు పోయే బండి అదే ఇంజనుతో సుమారు 97 మైళ్ళు అందుకుంటుంది. దమ్మిడీ ఖర్చు లేకుండా దక్కిన లాభమిది.

గాలిని తప్పించుకొంటే ఎంత సాధ్యమో 1956లో అమెరికాలోని బొన్నెవిల్ ఉప్పు మైదానంలో తెలిసివచ్చింది. ట్రయంఫ్ సంస్థ 650 సి.సి. ఇంజనును చుట్టవంటి పొడవాటి తొడుగులో అమర్చి, ప్రత్యేక ఇంధనంతో జానీ అలెన్ గంటకు 214 మైళ్ళు నడిపాడు. అంతర్జాతీయ సంస్థ దాన్ని రికార్డుగా గుర్తించలేదు గాని, 1959లో ట్రయంఫ్ తన కొత్త బండికి 'బొన్నెవిల్' అనే పేరే పెట్టింది.

ఏమి తీశారు? ఏమి మార్చారు?

మొదట ఎత్తైన హాండిలు పోయింది. దాని స్థానంలో ముందు ఫోర్కు గొట్టాలకే బిగించే రెండు పొట్టి పిడులు వచ్చాయి. చేతులు కిందికి దిగటంతో ఒళ్ళు దానంతట అదే ముందుకు వంగింది. ఇట్లా వంగినవాని కాళ్ళకు పాత పాదపీఠాలు పొసగవు. కనుక వాటిని వెనుకకు, కొంచెం పైకి జరిపారు.

ఈ జరపటంలో మరొక ప్రయోజనం ఉన్నది. మలుపు తిరిగేటప్పుడు బండి లోపలివైపుకు వాలుతుంది. ఆ వాలు కోణపు టాంజెంటు, వేగపు వర్గాన్ని మలుపు వ్యాసార్ధం, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగిస్తే వచ్చే సంఖ్యకు సమానం. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 20 మీటర్ల వేగంతో, 50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరిగితే బండి సుమారు 39 డిగ్రీలు వాలవలసి ఉంటుంది. అంత వాలినప్పుడు కింద ఉన్న పాదపీఠం రోడ్డుకు రాసుకొని బండిని పడవేయగలదు. పైకి జరిపిన పాదపీఠానికి ఆ ప్రమాదం తక్కువ.

తరువాత వెడల్పు మడ్‌గార్డులు, గొలుసు కవచాలు, సామాను పెట్టెలు తొలగాయి. ఇనుప రేకు ఉన్నచోట అల్యూమినియం వచ్చింది. బరువు తగ్గటం వల్ల గరిష్ఠ వేగం పెద్దగా పెరగదు; కాని ఆ వేగాన్ని అందుకొనే కాలం తగ్గుతుంది. న్యూటను రెండవ నియమం ప్రకారం బలం మారకుండా మొత్తం ద్రవ్యరాశిలో పదోవంతు తగ్గితే, త్వరణం తొమ్మిదోవంతు పెరుగుతుంది. బడిలో చదివి మరచిన సూత్రాన్ని ఆ కుర్రవాళ్ళు రెంచీ చేతపట్టి మళ్ళీ నేర్చుకున్నారు.

ట్రైటన్: రెండు బండ్ల పొత్తు

వేగం పెరిగినకొద్దీ మరొక లోపం బయటపడింది. ట్రయంఫ్ సంస్థలో ఎడ్వర్డ్ టర్నర్ రూపొందించిన, రెండు సిలిండర్లు పక్కపక్కన నిలిచే ఇంజను 1937లో వెలువడింది. అది చవక, తేలిక, చురుకైనది. 1959 నాటి బొన్నెవిల్‌లో రెండు కార్బురేటర్లతో 46 అశ్వశక్తుల దాకా ఎదిగింది. కాని ఆ ఇంజనుకు తగిన చట్రం ట్రయంఫ్ బండిలో లేదని, మలుపుల్లో బండి ఊగుతుందని నడిపేవారు మొత్తుకొనేవారు.

మంచి చట్రం నార్టన్ సంస్థ దగ్గర ఉండేది. బెల్‌ఫాస్టుకు చెందిన రెక్స్ మెకాండ్లెస్ రూపొందించిన ఆ చట్రంలో రెండు ఉక్కు గొట్టపు వలయాలు ఇంజనును ఊయలవలె ఇరువైపులా పట్టి ఉంచుతాయి. 1950లో మాన్ దీవిలో జరిగిన ప్రసిద్ధ సీనియర్ టీటీ పందెంలో మొదటి మూడు స్థానాలూ నార్టన్ బండ్లకే దక్కాయి. జెఫ్ డ్యూక్ మొదటివాడుగా నిలిచాడు. ఆ చట్రం మీద కూర్చుంటే ఈకల పరుపు మీద ఉన్నట్లున్నదని హెరాల్డ్ డేనియల్ అనే పందెగాడు అన్నాడట. దానికి ఆ పేరే, 'ఫెదర్‌బెడ్' అని, స్థిరపడింది.

అప్పట్లో 500 సి.సి. చిన్న కార్ల పందాల వారికి నార్టన్ ఇంజను కావలసి వచ్చింది. సంస్థ ఇంజనును విడిగా అమ్మేది కాదు. కనుక కొందరు మొత్తం బండిని కొని, ఇంజను తీసుకొని, చట్రాన్ని వదిలివేసేవారు. ఇట్లా ఇంజను లేని మంచి చట్రాలు ఒకవైపు, చట్రం చాలని మంచి ఇంజన్లు మరొకవైపు మిగిలాయి. రెంటినీ కలిపితే? ట్రయంఫ్, నార్టన్ పేర్లు కలిసి 'ట్రైటన్' పుట్టింది.

ఈ పొత్తు తేలికగా కుదిరేది కాదు. దళసరి అల్యూమినియం పలకలను కోసి, బెజ్జాలు వేసి, ఇంజనును, గేరుపెట్టెను కొత్త చట్రంలో నిలబెట్టాలి. గేరుపెట్టె పళ్ళచక్రం, వెనుక చక్రపు పళ్ళచక్రం ఒకే తలంలో ఉండాలి. ఏమాత్రం తేడా వచ్చినా గొలుసు అరిగి తెగుతుంది. ఇంజను ఎంత ఎత్తులో, ఎంత ముందుకు కూర్చుంటుందనే దాన్నిబట్టి బండి గరిమనాభి మారి, నడక కూడా మారుతుంది. ఈ పనిలో ఆరితేరిన డేవ్ డీగెన్స్, రెక్స్ బుచర్‌తో కలిసి, 1965లో బార్సిలోనాలో జరిగిన 24 గంటల పందెంలో ట్రైటన్ మీదనే గెలిచాడు.

వేగానికి వెల

ఈ కథకు రెండవ పార్శ్వం కూడా ఉన్నది. ఇంజనును మెరుగుపరచటంలో చూపిన శ్రద్ధ అందరూ బ్రేకుల మీద చూపలేదు. బండి గతిజశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. 50 మైళ్ళ వేగంతో పోయే బండికంటే 100 మైళ్ళ వేగంతో పోయే బండిలో నాలుగు రెట్లు శక్తి ఉంటుంది. ఆ శక్తినంతా బ్రేకు వేడిగా మార్చాలి. సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకుంటే, 50 మైళ్ళ వేగంనుంచి ఆగటానికి సుమారు 42 మీటర్లు చాలు; 100 మైళ్ళ వేగంనుంచి ఆగటానికి 166 మీటర్లు కావాలి. ప్రమాదాన్ని చూచి బ్రేకు పట్టేలోగా ఒక్క సెకను గడిచినా బండి మరి 45 మీటర్లు ముందుకు పోతుంది. రాత్రివేళ ఆనాటి మసక దీపపు వెలుగులో అంత దూరం కనిపించేదే కాదు. డ్రము బ్రేకు వేడెక్కితే పట్టు కూడా సడలుతుంది. ఫలితంగా ఎందరో యువకులు రోడ్లమీద ప్రాణాలు పోగొట్టుకున్నారు.

వారిని తిట్టినవారే ఎక్కువ. దగ్గరకు తీసినవారు తక్కువ. లండను తూర్పుభాగంలోని 59 క్లబ్బులో ఫాదర్ బిల్ షెర్గోల్డ్ 1962లో మోటారు సైకిలు విభాగం ప్రారంభించి, ఏస్ కఫేకు తానే వెళ్ళి ఆ కుర్రవాళ్ళను ఆహ్వానించాడు. ప్రభుత్వం కూడా కదిలింది. కొత్తగా నేర్చుకొనేవారు 250 సి.సి.కి మించిన బండి నడపరాదని 1961లో, ఊళ్ళ వెలుపలి రోడ్లమీద కూడా 70 మైళ్ళు మించరాదని 1965లో, శిరస్త్రాణం తప్పనిసరి అని 1973లో నిబంధనలు వచ్చాయి. చవక కార్లు వచ్చాక కుర్రవాళ్ళు అటు మళ్ళారు. 1969లో ఏస్ కఫే మూతపడింది.

రెడ్డిచ్ నుంచి మద్రాసుకు

కుర్రవాళ్ళు ఇంటి వెనుక షెడ్లలో చేసిన పనిని కర్మాగారాలు గమనించకపోలేదు. రెడ్డిచ్ పట్టణంలోని రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1960ల నడుమ 'కాంటినెంటల్ జీటీ' అనే 250 సి.సి. బండిని విడుదల చేసింది. కురచ పిడులు, పొడవాటి టాంకి, వెనుక మూపురం గల సీటు - అన్నీ కర్మాగారంలోనే అమరి వచ్చాయి. 250 సి.సి. నిబంధనకు లోబడిన బండి కనుక నేర్చుకొనే కుర్రవాడు కూడా అప్పట్లో నడపగలిగేవాడు.

ఆ సంస్థకు మన దక్షిణ దేశంతో సంబంధం అప్పటికే ఏర్పడింది. 1955లో మద్రాసు మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థను స్థాపించి, సైన్యానికి కావలసిన 350 సి.సి. బుల్లెట్ బండ్లను మద్రాసులో తయారుచేయసాగారు. ఇంగ్లండులోని మాతృసంస్థ 1970 ప్రాంతంలో మూతపడినా మద్రాసు శాఖ నిలిచింది. 2013లో కాంటినెంటల్ జీటీ పేరు మళ్ళీ వెలుగు చూచింది, ఈసారి మద్రాసునుంచి. 2018లో రెండు సిలిండర్ల 650 సి.సి. బండి దాన్ని అనుసరించింది. ఏస్ కఫే కూడా 2001లో తిరిగి తెరచుకున్నది.

నేటి పునర్నిర్మాణం

ఈనాడు పాత దూరప్రయాణపు బండ్లను కఫే రేసర్లుగా మార్చటం అనేక దేశాల్లో ఒక అభిరుచిగా సాగుతున్నది. ఇందుకు బి.ఎం.డబ్ల్యు. సంస్థ పాత బండ్లు ప్రసిద్ధి పొందాయి. 1923లో మాక్స్ ఫ్రిట్జ్ రూపొందించిన ఆర్-32 నాటినుంచి వాటి రెండు సిలిండర్లు చెరొకవైపు రెక్కలవలె చాచుకొని ఉంటాయి. 1969 తరువాతి నమూనాల్లో సీటును మోసే వెనుక చట్రం బోల్టులతో బిగించి ఉంటుంది. కనుక దాన్ని విప్పి, ప్రధాన చట్రాన్ని కోయకుండానే మరొక కురచ చట్రం అమర్చవచ్చు.

అయితే ఊడదీయటంలోనూ శాస్త్రం తెలియాలి. గాలిని వడపోసే పెద్ద పెట్టెను తీసి చిన్న వడపోతలు తగిలిస్తే బండి అందంగా కనిపిస్తుంది. కాని ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో దాదాపు 15 పాళ్ళ గాలి కావాలి. వచ్చే గాలి పెరిగి, పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది; కార్బురేటరు రంధ్రాలను తగినట్లు మార్చాలి. సీటు కింది బ్యాటరీకి మరొక చోటు వెతకాలి. ముందుకు జరిగిన బరువుకు తగినట్లు ఫోర్కు స్ప్రింగులను సరిచూడాలి. ఒకటి మారిస్తే మూడింటిని సరిదిద్దవలసి వస్తుంది.

మన దేశంలో ఇందుకు చట్టపరమైన హద్దు కూడా ఉన్నది. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను శాసిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని బలపరచింది. రోడ్డు మీద పోయేది బండి యజమాని ఒక్కడే కాదు కదా!

కఫే రేసర్ చరిత్రలో విద్యార్థులు గ్రహించవలసినది ఇదే. పెద్ద చదువులు లేని కుర్రవాళ్ళు గాలి నిరోధాన్ని, త్వరణాన్ని, గరిమనాభిని తమ చేతులతో తెలుసుకున్నారు. వేగాన్ని పెంచే సూత్రాలన్నీ వారికి పట్టుబడ్డాయి. ఆగటానికి సంబంధించిన సూత్రాన్ని కొందరు ఆలస్యంగా నేర్చుకున్నారు. కాని రెండూ ఒకే పాఠ్యపుస్తకంలోని పక్కపక్క పుటలు. బండిని మార్చదలచినవాడు ముందుగా చేతిలోకి తీసుకోవలసినది ఇంజను కాదు, బ్రేకు.