ఆటల మాటున వచ్చు దొంగలు

జగ్గయ్యపేట, నందిగామల మీదుగా పోవు హైదరాబాదు–విజయవాడ రహదారిపై, 2020 లాక్‌డౌన్ దినములలో గరికపాడు సరిహద్దున వాహనముల నాపి, అనుమతి పత్రములు చూచి పంపిరి. పత్రము సరిగా నున్నంత మాత్రమున బండిలోని సరకంతయు మంచిదని చెప్పజాలము. పత్రము లేని ప్రతివాడును దొంగ యనియు చెప్పజాలము. కంప్యూటరులోనికి దించుకొను ఆటల విషయమును ఇట్టిదే.

ఈ బెడదకు చరిత్ర కలదు. 1975లో జాన్ వాకర్ రచించిన ‘యానిమల్’ అను ఆట, ఆటగాడు తలచిన జంతువును ప్రశ్నలతో కనిపెట్టుచు, అతని కెరుక లేకుండ, యూనివాక్ యంత్రమున అతనికి ప్రవేశమున్న తావులన్నిట తన నకలు నుంచెడిది. 1982లో అమెరికాలో పదునైదేండ్ల రిచ్ స్క్రెంటా వ్రాసిన ‘ఎల్క్ క్లోనర్’ ఆటల ఫ్లాపీల వెంట ఆపిల్ యంత్రములకు ప్రాకెను. నాడది చిలిపితనము, నేడు చౌర్యము. 2025 ఫిబ్రవరిలో, స్టీమ్ వంటి పేరుమోసిన అంగడిలోనే, ‘పైరేట్‌ఫై’ అను ఆటలో సంకేతపదములు దొంగిలించు ప్రోగ్రాము బయటపడగా దానిని తొలగించిరి.

కావున భయపడుట కాదు, ప్రమాదమును తూచవలెను. ఆట తయారుచేసినవారి యొద్దనుండి వచ్చినదా, తాళము పగులగొట్టిన నకలా? యాంటీవైరస్‌ను ఆపి నడుపుమని కోరుచున్నదా? అట్లు కోరుటయే పెద్ద గురుతు. యాంటీవైరస్ ఒకటి అరచిన, పొరపాటు కావచ్చును. మిన్నకున్నంతనే ఆట నిర్దోషమని కాదు. నడిపినవాని అధికారమంతయు ఆటకును సంక్రమించును. మిరప అమ్మిన సొమ్ముగల ఖాతాను తెరచు యంత్రముననే ఊరుపేరు లేని ఆటను నడుపుట, ఇనప్పెట్టె యున్న గదిలో ముక్కుమొగము తెలియని బాటసారికి పడక వేయుటయే.