దవడ, హనువు, అండమాన్
“దవడ పగలగొడతా” అని కోప్పడేవాడు కొట్టేది చెంప మీద. నిజంగా దవడే విరిగితే పంటి వరుస తప్పుతుంది, నోరు తెరుచుకోదు, ముద్ద మింగుడుపడదు. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే నేటి శ్రీ విజయపురంలో, స్థిరపడిన శ్రీకాకుళంవాళ్లు కూడా చెంపనూ దవడనూ కలిపేయడం విన్నాను. ఈ కలగాపులగం పాతదే. సంస్కృతంలో హనువంటే దవడ, చెక్కిలి కూడా. దాని దాయాదుల్లో లాటిన్ ‘గెనా’ చెక్కిలి అయితే, ఇంగ్లీషు ‘చిన్’ గడ్డం. వజ్రాయుధం దెబ్బకు ఎడమ హనువు విరిగినందుకే ఆంజనేయుడు హనుమంతుడయ్యాడని రామాయణం చెబుతుంది. ఆ పేరే మలయ్ నోట ‘హండుమాన్’గా మారి అండమాన్ అయిందని ఒక వాదం. రుజువు కాకపోయినా నాకెంతో ఇష్టమైన వాదమది. వైద్యంలో హనువు ఇంకా బతికే ఉంది: దవడ బిగుసుకుపోతే హనుస్తంభం. జారిన దవడకు కాపడం పెట్టి, సరిచేసి, ‘పంచాంగి’ అనే కట్టు కట్టమన్నాడు సుశ్రుతుడు. దవడ విరిగితే ఇవాళ్టి సర్జన్లు ముందు పై పళ్లనూ కింది పళ్లనూ సరిగ్గా కలిపి తీగతో బిగిస్తారు, ఆ తర్వాతే విరిగిన ముక్కలను టైటానియం ప్లేట్లు, స్క్రూలతో అతుకుతారు. పళ్లు కలవకుండా ఎముక అతికితే నమలడం కష్టమవుతుంది. చెంప ఎముక కంటి కింద ఉంటుంది, దానికి చేసే వైద్యం వేరు. అందుకే ముఖానికి దెబ్బ తగిలితే డాక్టరుకు చెంపా, దవడా అన్నది వేలితో చూపించి మరీ చెప్పండి. పళ్లు ఎప్పటిలా కలవడం లేదనిపిస్తే ఆ మాట ముందే చెప్పండి.