గట్క, పెద్దకూర, రేషన్ బియ్యం: మా వాడ తిండి చరిత్ర

తక్కువ పైసలతోటి మంచి తిండి తినొచ్చని చెప్పేటోళ్ళు ఈ మధ్య ఎక్కువైండ్రు. జొన్న రొట్టె తినాలె, ఆకుకూరలు తినాలె, పప్పు తినాలె, మన పెద్దలు ఇట్లనే తిని నూరేండ్లు బతికిండ్రు అంటరు. ఎవరి పెద్దలు? పటేలు ఇంటి పెద్దలా, ఆ ఇంట్లో జీతమున్న మా పెద్దలా? జొన్న ఇద్దరి ఇండ్లల్లో ఉండె. దాని పక్కన పెరుగు, నెయ్యి, పప్పు ఉన్నయా లేవా అన్నదాన్ని బట్టి అది రెండు వేర్వేరు తిండ్లు.

మాది పిట్లం మండలం. అప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ మాకు దగ్గరే. ఆ నీళ్ళు కిందికి బాన్సువాడ, బోధన్ దిక్కు పోయినయి. అక్కడ వరి పండింది, చెరుకు పండింది. మా నాయినమ్మ బాన్సువాడ దిక్కు నాట్లకు పోయేది. దినమంతా బురదల ఒంగి వరి నాటి, ఇంటికొచ్చి జొన్న గట్క కాచేది. వరన్నం పండుగకు, పెండ్లికి, చావుకు. మా బాపు చిన్నప్పుడు ఎవరన్నా చచ్చిపోతే లోపల్లోపల సంతోషపడేవాడట, దినాల నాడు బువ్వ దొరుకుతదని. ఈ మాట చెప్పి నవ్వేవాడు. మాకు నవ్వు వచ్చేది కాదు.

గట్క బలమైనదే, కాదనను. కానీ ఒట్టి గట్క ఏం చేసిందో మన హైదరాబాద్‌లోనే రాసి పెట్టిండ్రు. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా దక్కన్‌లో జొన్న తినే పేదోళ్ళకు పెల్లాగ్రా రోగం వస్తున్నదని 1960లో ప్రకటించారు. మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబారి పొక్కులు లేస్తది. నోరు పుండ్లవుతది, విరేచనాలు పడతయి, మతి చెదురుతది. జొన్నలో ల్యూసిన్ ఎక్కువుండడం ఒక కారణమని వాళ్ళు వాదించారు. ఆ వాదన మీద తర్వాత తగాదాలు నడిచినయి. రోగం ఎవరికి వచ్చిందన్నదాంట్ల మాత్రం తగాదా లేదు. జొన్న తప్ప ఇంకోటి నోట్లకు పోనోళ్ళకు వచ్చింది. అదే జొన్న తిన్న పటేలుకు రాలేదు.

మరి మా వాడలో అందరూ ఆ రోగంతోటే ఎందుకు పోలేదు? నాకు తోచిన జవాబు రెండు వస్తువులు. ఒకటి, పైసలు పెట్టకుండ దొరికే కూరలు. గునుగు, తుమ్మి, గంగవాయిలి, పుంటికూర. కలుపు తియ్యబోయిన ఆడోళ్ళు ఒళ్ళె కట్టుకొని తెచ్చేటోళ్ళు. రెండోది పెద్దకూర. నిండా మాంసకృత్తులు, పెల్లాగ్రాను ఆపే నయాసిన్ కూడా అందులోనే. ఒకసారి వండుకొని, మిగిలింది కోసి దండెం మీద ఎండబెట్టి తునకలు చేసుకుంటే నెలలు వచ్చేది. వానకాలం పని దొరకనప్పుడు రెండు తునకలు పుంటికూరల ఏసి ఇంటిల్లిపాది తిన్నరు.

ఆ కూర వెనక చరిత్ర తియ్యటిది కాదు. చచ్చిన గొడ్డును ఊరి బయటికి గుంజుడు మా మీద పెట్టిన వెట్టి. అది మోసినందుకే మమ్మల్ని అంటరానోళ్ళన్నరు, తిన్నందుకు ఇంకింత దూరం పెట్టిండ్రు. 1927 మార్చిలో మహాడ్ సభలో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని పిలుపిచ్చిండు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ కూడా మాంసం, కల్లు మానమని తిరిగిండు. ఆత్మగౌరవం కోసం మానుకున్నోళ్ళకు నేను దండం పెడత. కానీ ఒక మాట అడగాలె. ఆ కూర పోయిన చోట ఏం వచ్చింది? పాలు రాలేదు, పప్పు రాలేదు. ఇయ్యాల కోసిన కూర కొనుక్కొని తింటే దానికీ కొట్లాటలే. కలుపుమందు కొట్టిన సోయా చేన్లల్లో గునుగు కూడా మొలుస్తలేదు. లెక్కల్లోకి ఎక్కని తిండి పోతే ఆ పోయింది కూడా లెక్కల్లోకి ఎక్కదు.

వచ్చింది బియ్యం. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు ఇచ్చింది. మా వాడకు అది కడుపు ముచ్చట ఒక్కటే కాదు. దొర ఇంట్ల ఉడికేది మా ఇంట్ల ఉడికింది. జొన్న వదిలి ఒట్టి బియ్యం పట్టుకున్నరని మమ్మల్ని తప్పుపట్టే పర్యావరణ మిత్రులు ఈ సంగతి తెలుసుకోవాలె. తర్వాత ధర పెరిగింది, మళ్ళ తగ్గింది. 2011 నవంబర్ల కిలో రూపాయి అయింది, 2023 నుంచి ఉచితం, 2025 ఉగాది నుంచి తెలంగాణలో సన్నబియ్యం. మనిషికి నెలకు ఆరు కిలోలు. అంటే రోజుకు 200 గ్రాములు, సుమారు 700 కేలరీలు. పార పట్టే మనిషికి అది ఒక పూట తిండి.

మిగతాది? పోషకాహార సంస్థ 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. 2000 కేలరీల పళ్ళెంలో రోజుకు పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పాలు 300 మిల్లీలీటర్లు ఉండాలె. నేను సర్కారు బడి పంతుల్ని, లెక్క చెయ్యకుండ ఉండలేను. నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోలకు పైగా పప్పు. 2025-26లో కందులకు మద్దతు ధరే కిలోకు 80, ఆ లెక్కన 816 రూపాయలు. దుకాణంలో పప్పు ఆ ధరకు ఎవడూ ఇయ్యడు, అయినా అనుకుందాం. పాలు 36 లీటర్లు, లీటరు యాభై అనుకున్నా 1,800. కూరగాయలు 48 కిలోలు, ముప్పై చొప్పున 1,440. పండ్లు 12 కిలోలు, అరవై చొప్పున 720. మొత్తం 4,776. నూనె, ఉప్పు, గ్యాసు ఇంకా కలపలేదు. అదే ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే పదహారు దినాల కూలి. చట్టం ఇంటికి హామీ ఇచ్చింది ఏడాదికి వంద దినాలు, నెలకు ఎనిమిది పడతది. ఇగ పొదుపుగా వండుకోమని ఎవరికి చెప్తరు?

ఇది మా ఒక్కరి ముచ్చట కాదు. ప్రపంచంలో 300 కోట్ల మందికి పైగా మంచి తిండి కొనలేరని 2020లో ఐక్యరాజ్యసమితి సంస్థలే చెప్పినయి.

బడిలో సంగతి కూడా చెప్త. ప్రైమరీ పిల్లకు మధ్యాహ్న భోజనంలో బియ్యం కాక 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె పెట్టాలె. దీనికి 2025 మే నుంచి కేంద్రం లెక్క 6 రూపాయల 78 పైసలు. ఆ పైసలల్లనే వంట చెరుకు. వండే అక్కలు ఎట్ల సగబెడుతున్నరో రోజూ చూస్తున్న. గుడ్డు పెట్టే నాడు హాజరు పట్టీ చూస్తే చాలు, పిల్లలకు ఏం కావాల్నో తెలుస్తది.

దారి లేదా అంటే, ఒకటి మాకు దగ్గర్లోనే వేసిండ్రు. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్ళు 1990లలో బీడు చెల్కలను సాగుకు తెచ్చిండ్రు. జొన్నను ఊర్లోనే నిల్వ పెట్టి పేదోళ్ళకు తక్కువ ధరకు ఇచ్చిండ్రు. వాళ్ళల్ల ఎక్కువమంది దళిత స్త్రీలే. జొన్న సాళ్ళ నడుమ కంది, పెసర, అనుములు, గట్టున పుంటికూర. ఆ తిండి కొన్నది కాదు, పండించింది. దానికి ముందు కాళ్ళ కింద ఎకరమన్నా భూమి ఉండాలె. మా వాడలో సగం ఇండ్లకు అదే లేదు.

మా అవ్వకు ఇప్పుడు సుగర్. బియ్యం తగ్గించి జొన్న రొట్టె తినమని డాక్టర్ చెప్పిండు. అవ్వ నవ్వింది. "గట్క తాగేటోళ్ళని మమ్ముల ఎక్కిరిచ్చిరి, ఇప్పుడు గదే మందంటుండ్రు బిడ్డా" అన్నది. 2025-26లో వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369, జొన్నలకు 3,699. నాకు జీతం వస్తది కాబట్టి పిట్లం అంగట్ల నెలకు ఐదు కిలోల జొన్నలు తెస్త. రోజుకు రెండు రొట్టెలు, అవి అవ్వకే. పక్కింటి పెద్దమ్మకు కూడా సుగరే. ఆమెకు కూడా డాక్టర్ అదే చీటీ రాసిండు. ఆమె రేషన్ బియ్యమే వండుకుంటది, పొద్దుమీకి మాత్రం ఒక ముద్ద తక్కువ తింటది.