ముక్కల పటం కథ

1760వ దశకంలో లండన్ నగరంలో జాన్ స్పిల్స్‌బరీ అనే పటముల చెక్కడపు పనివాడు ఒక వింత పని చేశాడు. తాను అచ్చువేసిన దేశపటాన్ని పలుచని మహాగని చెక్కపై అతికించి, సరిహద్దుల వెంబడి సన్నని రంపంతో కోసి, ఆ ముక్కలను పెట్టెలో పెట్టి అమ్మకానికి ఉంచాడు. పిల్లవాడు పెట్టెను బోర్లించి, ఏ దేశం పక్కన ఏ దేశం ఉండాలో చూచుకొని తిరిగి కూర్చవలెను. ఒకసారి చేతితో కూర్చినవాడు ఆ సరిహద్దును సులభంగా మరచిపోడు. ప్రపంచం, నాలుగు ఖండాలు, ఇంగ్లండు మొదలైన పటాలను ఈ విధంగానే కోసి అమ్మిన స్పిల్స్‌బరీ 1769లో, ముప్పయి ఏండ్లు నిండీ నిండకముందే, మరణించాడు. ఈనాడు మనం జిగ్‌సా పజిల్ అని పిలిచే వినోదానికి మూలం ఈ భూగోళ పాఠమే.

ఐతే ఈ ఘనత పూర్తిగా అతనిదేనా అనే వాదం ఉన్నది. లెప్రెన్స్ ద బోమో అనే ఫ్రెంచి ఉపాధ్యాయిని లండన్‌లో పెద్దింటి ఆడపిల్లలకు పాఠాలు చెప్పేటప్పుడు, అంతకు ముందే చెక్కపటాలను వాడినట్లు పరిశోధకులు చూపుతున్నారు. మూడవ జార్జి రాజు బిడ్డలను సాకిన లేడీ షార్లెట్ ఫించ్ వద్ద ఇటువంటి పటాలను దాచుకొనే బీరువాయే ఉండేది. అది నేటికీ భద్రంగా ఉన్నది. మొదట ఎవరు కోసినా, దానిని సరకుగా చేసి అంగడికెక్కించినవాడు స్పిల్స్‌బరీ అనడం న్యాయం. ఒక్కొక్క పటాన్ని చేతితో కోయవలసి ఉండడం చేత వెల ఎక్కువ. అందుచేత అది చాలాకాలం కలవారి పిల్లల బల్లమీదనే ఉండిపోయినది.

జిగ్‌సా అనే పేరు చాలా ఆలస్యంగా వచ్చినది. జిగ్ అనగా గంతులతో కూడిన ఒక నాట్యం, సా అనగా రంపం. క్రిందికీ మీదికీ గంతులు వేస్తూ వంకరలు కోసే రంపం పేరు, అది కోసిన బొమ్మకు అంటుకొన్నది. 1908-09లో అమెరికాలో పెద్దవాళ్లకే ఈ పిచ్చి పట్టినది. పార్కర్ బ్రదర్స్ అనే ఆటవస్తువుల కంపెనీ 1909లో తక్కిన ఆటలన్నీ మాని, కర్మాగారమంతా ఈ ముక్కల బొమ్మలకే వినియోగించినది. అంతవరకు ముక్కలు ఒకదాని పక్కన ఒకటి ఊరక ఆనుకొని ఉండేవి. ఎవరైనా తుమ్మితే బొమ్మ చెదిరిపోయేది. ఒక ముక్క బుడిపె మరొక ముక్క గుంటలో దూరి పట్టుకొనే ఏర్పాటు ఆ కాలంలోనే వ్యాపించినది.

ఆ తరువాత, 1930 ప్రాంతపు ఆర్థిక మాంద్యంలో జరిగినది మరీ విచిత్రం. పనులు పోయినవి, చేతిలో డబ్బు లేదు, సినిమాకు పోవడమే ఖర్చు. అట్టను ఇనుప అచ్చుతో ఒక్క దెబ్బన కోసే పద్ధతి రావడంతో, పావు డాలరుకే వారం వారం ఒక కొత్త బొమ్మ దొరికేది. 1933 మొదటి నెలల్లో అమెరికాలో వారానికి కోటి బొమ్మలు అమ్ముడుపోయినవని చరిత్రకారులు లెక్క కట్టారు. గ్రంథాలయాలు, మందుల దుకాణాలు కూడా వాటిని అద్దెకిచ్చేవి. ఇంటిల్లిపాదీ ఒక బల్ల చుట్టూ కూర్చుని రోజుల తరబడి ఆడుకొనే ఆట అంత చవుకగా అంతకుముందు దొరకలేదు.

ఈ ఆటలో తెలివి ఎక్కడున్నదో గణితం చెప్పగలదు. 500 ముక్కలున్న బొమ్మను తీసుకొందాం. ఏ రెండు ముక్కలు అతుకుతాయో గుడ్డిగా చూడబోతే, 500ను 499తో గుణించి సగం చేయగా, 1,24,750 జతలు తేలుతాయి. అదే ముక్కలను రంగునుబట్టి నూరేసి చొప్పున ఐదు కుప్పలు చేస్తే, ఒక్కొక్క కుప్పలో 4,950 జతలు, మొత్తం 24,750 మాత్రమే. పని ఐదవ వంతుకు తగ్గినది. బొమ్మ 25 నిలువు వరుసలు, 20 అడ్డ వరుసలుగా ఉంటే చుట్టూ అంచు ముక్కలు 86. తిన్నని అంచు చూచి వాటిని ముందే ఏరుకొంటే వాటి మధ్య జతలు 3,655. అంచు ముందు కట్టమని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణమిదే. ఇంట్లో పని పంపకం కూడా దీనినిబట్టే జరుగుతుంది: చిన్నవాడు అంచులు ఏరుతాడు, మామ్మ రంగులు వేరు చేస్తుంది, నాన్న తనకు అన్నీ తెలిసినట్లు పైనుంచి సలహాలిస్తాడు. చివరకు మిగిలేది ఎప్పుడూ ఆకాశమే. నీలం పక్కన నీలం. అక్కడ రంగు సాయపడదు, ముక్క ఆకారమే గతి.

కొనవలసిన అవసరం లేదు. పాత క్యాలెండరు బొమ్మ, దళసరి అట్ట, మైదాపిండి జిగురు చాలు. పుస్తకాలు కుట్టేవారు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల చేతిలో ఆడే ముక్కలకు పనికిరాదు. అట్టకు ఒక వైపునే కాగితం అతికిస్తే, తడి ఆరి కాగితం ముడుచుకొనేటప్పుడు అట్ట విల్లులా వంగుతుంది. కనుక వెనుకవైపు కూడా తెల్లకాగితం అతికించి, పైన బరువుంచి, ఒక రోజు ఆరనివ్వాలి. అటు లాగు ఇటు లాగు సమానమై అట్ట చదునుగా నిలుస్తుంది. కత్తిరింపు పని పెద్దలది.

మా చోడవరం పిల్లలకు ఏ బొమ్మ కోయాలి? స్పిల్స్‌బరీ దారిలో జిల్లాల పటం కోద్దామంటే ఒక చిక్కున్నది. 1949లో కోసిన పటంలో విశాఖపట్నం జిల్లా ఒక పెద్ద ముక్క. 1950 ఆగస్టు 15న దాని నుండి శ్రీకాకుళం విడిపోయినది. 1979 జూన్ 1న విజయనగరం ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న మిగిలిన ముక్క మూడైనది; ఆనాటినుండి చోడవరం అనకాపల్లి జిల్లాలోనిది. ఊరు ఉన్నచోటనే ఉన్నది, అదే పొలం, అదే చెరకు. దాని చుట్టూ గీత మాత్రం మారినది. మనుషులు గీసిన సరిహద్దుతో కోసిన ముక్క ఇలాగే పాతబడుతుంది. పాతబడినా పారవేయవద్దని ఉపాధ్యాయులకు నా మనవి. 1949 నాటి ముక్కపై నేటి ముక్కలను పేర్చి చూపితే అది చరిత్ర పాఠమవుతుంది.

మనిషి కోయని ముక్కలు కూడా ఉన్నవి. ఆఫ్రికా పడమటి తీరం, దక్షిణ అమెరికా తూర్పు తీరం ఒకదానిలో ఒకటి అమరేటట్లున్నవని 1596లోనే ఓర్టీలియస్ అనే పటకారుడు వ్రాశాడు. దీనిని శాస్త్రవాదంగా నిలబెట్టినవాడు జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ వెగెనర్. 1912 జనవరిలో ఉపన్యసించి, 1915లో గ్రంథం ప్రకటించాడు. ఆయన చెప్పిన పోలిక ముక్కల బొమ్మ ఆడేవారికి వెంటనే బోధపడుతుంది: చించిన వార్తాపత్రికను కలిపేటప్పుడు అంచులు కుదిరితే చాలదు, అచ్చు పంక్తులు కూడా ఒక ముక్కనుండి మరొక ముక్కలోకి సాగాలి. అంచు కుదిరినా బొమ్మ కుదరని తప్పుడు జతలు ప్రతి పెట్టెలోనూ ఉంటాయి. కాబట్టి వెగెనర్ తీరాలతో ఆగక, పర్వత పంక్తులను, శిలలను, శిలాజాలను సాక్ష్యానికి పిలిచాడు. ఖండాలను కదిపే శక్తి ఏదో చూపలేకపోయినందున పలువురు ఆయన మాట నమ్మలేదు. 1930లో గ్రీన్లాండు మంచులో ఆయన మరణించేనాటికి కూడా వాదం తేలలేదు. 1960వ దశకంలో సముద్రగర్భపు శిలల అయస్కాంత చారలు చదివిన తరువాతనే సాగరపు అడుగు విస్తరిస్తున్నదని రుజువైనది. 1965లో కేంబ్రిడ్జిలో బులార్డ్, ఆయన సహచరులు కంప్యూటరుతో ఖండాలను అతికించి చూచారు. వారు వాడినది తీరరేఖ కాదు, నీటిలో 500 బారల లోతున, అంటే మూడు వేల అడుగుల లోతున ఉండే రేఖ. అలలు కొరికే గట్టు ఖండపు నిజమైన అంచు కాదు.

ఈ మహాపటంలో మన ముక్క ఎక్కడిది? మన తూర్పు తీరం ఒకప్పుడు అంటార్కిటికాకు ఆనుకొని ఉండేది. అంచు కుదిరిందనుకొందాం, మరి పంక్తులు? చోడవరం నుండి పడమటగా చూస్తే మాడుగుల వైపు నీలిగా కనిపించే తూర్పు కనుమలలో, సింహాచలం కొండలో, విశాఖ కైలాసగిరిలో ఖొండలైట్ అనే రాయి ఉన్నది. ఒడిశా కొండలలోని ఖోండు జనుల పేరుతో వాకర్ అనే శాస్త్రజ్ఞుడు 1902లో దానికి ఈ పేరు పెట్టాడు. ఎర్రని గార్నెట్ గింజలు, సిల్లిమనైట్ సూదులు దానిలో ఉంటాయి. భీమునిపట్నం ఒడ్డున ఇసుకలో కనిపించే ఎర్రని చారలు ఈ కొండలు అరిగి దిగిన గార్నెట్ గింజలే. ఖొండలైట్‌తోపాటు చార్నొకైట్ అనే నల్లని గట్టిరాయి కూడా ఉన్నది. ఇవి సుమారు 95 నుండి 100 కోట్ల ఏండ్ల క్రిందట, భూమిలో ఇరవై ముప్పయి కిలోమీటర్ల లోతున, 800 డిగ్రీలకు మించిన వేడిలో మారిన రాళ్లు. అంటార్కిటికాలోని మాసన్ తీరంలో కూడా ఇటువంటి రాళ్లే, దాదాపు ఆ వయస్సువే, ఉన్నవి. ఆస్ట్రేలియావారు 1954లో నెలకొల్పిన మాసన్ కేంద్రం చార్నొకైట్ రాతిమీదనే నిలిచి ఉన్నది. వార్తాపత్రిక పంక్తి సముద్రం దాటి సాగినదన్నమాట. సుమారు 13 కోట్ల ఏండ్ల క్రిందట ఈ రెండు ముక్కలు విడిపోవడం మొదలైనది.

గోదావరి లోయలోని సాక్ష్యం వేరు రకానిది. విలియం కింగ్ 1871లో ఇల్లెందు వద్ద బొగ్గు కనిపెట్టిన తరువాత సింగరేణి గనులు వెలిసినవి. ఆ బొగ్గుపొరలలో గ్లాసాప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు దొరుకుతాయి. నాలుకవంటి ఆకు, మధ్య బలమైన ఈనె. 1912లో దక్షిణ ధ్రువం నుండి తిరిగివస్తూ స్కాట్, ఆయన తోడివారు ఆకలికీ చలికీ మరణించిన గుడారం వద్ద సుమారు 16 కిలోల రాళ్లు దొరికినవి. బండిని లాగే సత్తువ లేనప్పుడు కూడా వారు వాటిని పారవేయలేదు. ఆ రాళ్లలో ఉన్నది కూడా గ్లాసాప్టెరిస్ ఆకే. ఆ చెట్టు పెరిగిన భూమి అంతటికీ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. మన గోండుల పేరే.

తరగతిలో ఈ పని ఒక గంటలో చేయవచ్చును. గోళంమీద సన్నకాగితం పరచి భారతదేశాన్ని, అంటార్కిటికాను గీసి అట్టమీద అతికించి కోయండి. గోడపటం మీద గీయవద్దు. ధ్రువప్రాంతాన్ని అది విపరీతంగా సాగదీస్తుంది, ముక్క ఎన్నటికీ కుదరదు. భారతదేశపు ముక్కను త్రిప్పుతూ తూర్పు తీరాన్ని మాసన్ తీరానికి ఆనించి చూడండి. అక్కడికి తూర్పుగా ఉండే ప్రిడ్జ్ అఖాతం వద్ద 2012లో మన దేశం భారతి అనే పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పినది. దానిని కూడా ఒక చుక్కతో గుర్తించండి. తూర్పు కనుమల రాళ్లతో అక్కడి రాళ్లకుగల పోలికలను మన భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతంలో పరిశీలిస్తున్నారు.