నిత్యకు దొరకని విశ్రాంతి

1925 నవంబరు 13న కాలిఫోర్నియాలోని ఓహై లోయలో జిడ్డు నిత్యానంద కన్నుమూశాడు. ఇరవై ఏడేళ్ళ వయసు. అన్న కృష్ణమూర్తి అప్పటికి సముద్రం మీద ఉన్నాడు. ఓడ సూయజ్ కాలువలోకి వెళ్తుండగా తంతి అందింది. ఈ కథ చివర ఏముందో ముందే తెలుసు. తెలిసి కూడా, ఆ అన్నదమ్ములు ఎక్కిన ప్రతి ఓడ దగ్గరా "ఎక్కకండి నాయనా" అని అడ్డం పడాలనిపిస్తుంది.

కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. నిత్య మూడేళ్ళు చిన్న. నాన్న నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అమ్మ సంజీవమ్మ 1905లోనే పోయింది. తల్లి లేని పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు వదలరు. వీళ్ళూ వదల్లేదు. 1909లో కుటుంబం మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి (థియోసాఫికల్ సొసైటీ) చేరింది. పెద్దవాడిలో జగద్గురువు అవతరించబోతున్నాడని అక్కడి పెద్దలు నమ్మారు. తమ్ముణ్ణి విడిచి వాడు ఉండలేడు గనక ఇద్దరినీ చేరదీశారు. 1911 ఏప్రిల్లో సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ వాళ్ళకు యూరోపియన్ బట్టలు తొడిగి, బొంబాయిలో ఓడెక్కించి, ఇంగ్లండు తీసుకెళ్ళారు. దేశం కాని దేశానికి అది మొదటి ప్రయాణం. తర్వాత నాన్న, నా పిల్లల్ని నాకు ఇప్పించండని కోర్టుకెక్కాడు. 1913లో మద్రాసు హైకోర్టు ఇచ్చెయ్యమనే చెప్పింది. ఇంటిదారి ఒక్కసారి తెరుచుకుంది. మరుసటి ఏడాది ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. అనీబిసెంట్‌ది దొంగప్రేమ కాదు. కన్నతల్లిలాగే చూసుకున్నారు. అందుకే ఈ కథలో తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకరు.

నిత్య చురుకైనవాడు, ఇంగ్లండులో లా చదివాడు. 1921లో దగ్గితే రక్తం పడింది. క్షయ. దానికి మందైన స్ట్రెప్టోమైసిన్ 1943లో గానీ పుట్టలేదు. అప్పటికి తెలిసిన వైద్యమల్లా పొడిగాలి, బలమైన తిండి, మంచం దిగని విశ్రాంతి. నెలలూ ఏళ్ళూ ఒకే చోట పడి ఉండడం. ఆ ఒక్కటే నిత్యకు కుదరలేదు. స్విట్జర్లాండు కొండల్లో కాస్త తేరుకోగానే బొంబాయి, అడయారు, అక్కణ్ణుంచి సిడ్నీ. సిడ్నీలో జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ పసిఫిక్ దాటి శాన్ ఫ్రాన్సిస్కో. ఏ ఓడ, ఏ రేవు, ఎవరింట్లో బస అని ప్రతి ప్రయాణానికీ శ్రద్ధగానే ఏర్పాట్లు జరిగాయి. అంత ప్రేమగా వేసుకున్న లెక్కల్లో, ఇక ఈ పిల్లవాణ్ణి కదిలించొద్దన్న మాట మాత్రం ఎన్నాళ్ళో నిలవలేదు.

1922 జులైలో ఓహై చేరారు. నారింజ తోటల మధ్య, కొండల ఒడిలో చిన్న ఇల్లు. రోజలిండ్ విలియమ్స్ అనే పంతొమ్మిదేళ్ళ అమెరికన్ పిల్ల నిత్యకు సేవ చేసింది. ఆ ఆగస్టులో కృష్ణమూర్తి ఎవరికీ అర్థం కాని నొప్పితో, మగతతో రోజులు గడిపాడు. ఒక సాయంత్రం ఇంటి ముందున్న పెప్పర్ చెట్టు కింద కూర్చున్నాక అతనికి ఏదో గొప్ప శాంతి దొరికింది. ఆ రోజుల్లో జరిగినదంతా కాగితం మీద పెట్టినవాడు నిత్యే. ఊపిరితిత్తుల జబ్బుతో తాను మంచాన ఉండాల్సినవాడు, అన్న బాధకు సాక్షిగా కూర్చుని రాశాడు.  ఇప్పుడు వెంచురా దగ్గర పసిఫిక్ తీరం వదిలి 33వ నంబరు రోడ్డు పడితే ఓహై వస్తుంది. ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఒక పూట అక్కడ ఆగండి. మన పిల్లవాడొకడు అక్కడ పోయాడు.

1925 జనవరి దగ్గరికి వచ్చేసరికి నాకు ముందుకు చదవబుద్ధి కాదు. అప్పటికి అన్నదమ్ములిద్దరూ తిరిగొచ్చి ఇండియాలోనే ఉన్నారు. విద్యాలయానికి స్థలం వెతుకుతూ కృష్ణమూర్తి మదనపల్లె వచ్చాడు. తెట్టు దగ్గరి లోయ మనసుకు నచ్చింది. నేటి రిషివ్యాలీ అదే. గాలి మార్పు కోసం నిత్యను పంపింది మాత్రం ఊటీకి. అప్పటికి పదేళ్ళుగా మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం నడుస్తోంది. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడుపుతున్నారు. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా రెండువేల అడుగుల పైనున్న మిట్టనేల, పొడిగాలి. ఆ గాలి కోసమే దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు వచ్చేవాళ్ళు. అక్కడ ఉంచితే బతికేవాడని అనను, ఆ జబ్బు అలాంటిది. కానీ ఒక వరండాలో మంచం ఉండేది. చెవిన తెలుగు మాట పడేది. ఆ వసంతంలో ఇంకో ఓడ ఎక్కే పని తప్పేది.

ఎక్కాడు. మళ్ళీ సిడ్నీ, మళ్ళీ పసిఫిక్, జులైకి మళ్ళీ ఓహై. డిసెంబరులో అడయారులో సమాజం స్వర్ణోత్సవం, కృష్ణమూర్తి ఉండాలి. తమ్ముణ్ణి వదలడానికి అతనికి మనసొప్పలేదు. అయితే నిత్య బతుకు తన కార్యానికి అవసరమని, సమాజం కొలిచే అదృశ్య గురువులైన మహాత్ములు అతన్ని పోనివ్వరని గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకం మీదే బయల్దేరాడు. నవంబరు 8న నేపుల్స్‌లో అనీబిసెంట్‌తో కలిసి ఓడెక్కాడు. నిత్యకు ఫ్లూ సోకిందన్న వార్త ముందు, చావు కబురు తర్వాత.

ఆ ఓడలో కృష్ణమూర్తితో ఒకే గదిలో ఉన్న బి. శివరావు తర్వాత చెప్పిన సంగతి ఒకటుంది. రాత్రుళ్ళు నిద్రలో కృష్ణమూర్తి నిత్యా నిత్యా అని వెక్కి వెక్కి ఏడ్చేవాడట. ఒక్కోసారి ఆ పలవరింత తెలుగులో వచ్చేదట. మెలకువలో అతనికి తెలుగు మాట్లాడడం రాదు, పద్నాలుగేళ్ళ పరాయి బతుకులో మరిచిపోయాడు. ఆ దుఃఖానికి ఇంగ్లీషు చాలలేదు. మదనపల్లె బడికి కలిసి నడిచిన నాటి మాటలే కావలసొచ్చాయి.

కొలంబోలో దిగేసరికి ముఖం తేటపడిందని చూసినవాళ్ళు చెప్పారు. కానీ మహాత్ముల మాట మీద పాత భరోసా మళ్ళీ రాలేదు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమన్‌లో, తనను జగద్గురువుగా నిలబెట్టిన నక్షత్ర సంఘాన్ని వేలమంది ఎదుట రద్దు చేశాడు. అందుకు కారణాలు చాలా చెబుతారు. ఆ సంఘం సూయజ్ కాలువలోనే సగం కూలిందని నా నమ్మకం. ఇక క్షయ సంగతి. మన దేశంలో బీసీజీ టీకా మొదటిసారి వేసింది 1948లో, మదనపల్లెలోనే. బతికుంటే నిత్యకు ఆ ఏడు యాభై నిండేవి.